దోమ ఎంత దూరం పోతుంది, కప్ప ఎక్కడి నుంచి వస్తుంది?

పోయిన నెల ఈ శీర్షికలో సంభావ్యత గురించి నాలుగు మాటలు రాసి, మన తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల మీకు కనిపించే ప్రాణుల మీద ప్రశ్నలు పంపమన్నాను. చాలానే వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపి, ఉత్తరాలను కాస్త కుదించి, ఆరింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, మా వీధిలో ఎవరికైనా డెంగీ వస్తే ఆ ఇంటి చుట్టూ నాలుగిళ్ళకు మందు కొట్టి వెళ్ళిపోతారు. దోమకు రెక్కలున్నాయి కదా, ఊరంతా తిరిగేదానికి నాలుగిళ్ళకు కొడితే ఏం లాభం? ఇందులో లెక్కలకు పనేముంది? (ఒక గృహిణి, తిరుపతి)

జవాబు: అమ్మా, మీరు అడిగింది నూరేళ్ళు దాటిన ప్రశ్న. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడని చిన్నప్పుడే చదువుకుంటాం. ఆ తర్వాత ఆయన లెక్కల్లో పడ్డాడన్నది మాత్రం మన పాఠాల్లో పెద్దగా రాదు. ఒక ఊళ్ళో ఇంత మేర నీటి గుంటలు పూడ్చేస్తే నడిమధ్య దోమలు ఎంత తగ్గుతాయి, అంచుల్లోంచి ఎన్ని లోపలికొస్తాయి అన్నది ఆయన ప్రశ్న. అది ఇంగ్లండులో గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ దాకా వెళ్ళింది. 1905లో పియర్సన్ దాన్నే 'నేచర్' పత్రికలో అడిగాడు: ఒకడు కొంత దూరం నేరుగా నడిచి, ఎటో ఒకవైపు తిరిగి మళ్ళీ అంతే దూరం నడిచి, ఇలాగే పోతూ ఉంటే చివరికి మొదలైన చోటికి ఎంత దూరంలో ఉంటాడు? లెక్కల్లో యాదృచ్ఛిక నడక అనే పేరు అక్కడే పుట్టింది.

జవాబు చిన్నదే. దోమ పది మీటర్లకోసారి దిక్కు మార్చుకుంటుందనుకోండి. వంద మలుపులు తిరిగితే దాని రెక్కలు ఎగిరింది కిలోమీటరు, కానీ బయలుదేరిన చోటికి సుమారు వంద మీటర్ల దూరంలోనే ఉంటుంది, ఎందుకంటే దూరం మలుపుల సంఖ్యతో పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. రెండు వందల మీటర్లు పోవాలంటే నాలుగు వందల మలుపులు కావాలి. అర కిలోమీటరు పోవాలంటే రెండు వేల ఐదు వందలు, అంటే పాతిక కిలోమీటర్లు ఎగరాలి. పైగా డెంగీ దోమకు తాగడానికి మన రక్తం, గుడ్లు పెట్టడానికి మన డ్రమ్ములో నీళ్ళు ఒకే ఇంట్లో దొరుకుతుంటే ఎక్కడికో పోవాల్సిన అవసరమే లేదు. నాలుగు వందల మీటర్లు దాటేవి తక్కువ.

కాబట్టి దగ్గర్లోనే కొట్టడం తప్పు కాదు. అయితే నాలుగిళ్ళు చాలవు, అందులో మీ అనుమానం కరెక్టే. రాస్ లెక్క చెప్పేది కూడా అదే: శుభ్రం చేసిన మేర చిన్నదైతే దానికి నడుమ అంటూ ఉండదు, అంతా అంచే, పక్కింటి దోమలు రెండ్రోజుల్లో వచ్చి చేరతాయి. మేర పెద్దదయ్యేకొద్దీ నడుమ ఉన్న ఇళ్ళు నిజంగా బాగుపడతాయి. ఇంకో సంగతి, నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది. డెంగీని ఊరి నుంచి ఊరికి మోసుకుపోయేది ఎక్కువగా మనిషే. జ్వరం పట్టిన మనిషి పొద్దున తిరుపతిలో బస్సెక్కి మధ్యాహ్నానికి శ్రీకాళహస్తిలో బంధువుల ఇంట్లో దిగితే, దోమ జన్మంతా ఎగిరినా పోలేనంత దూరం వైరస్ పోయినట్టే. అందుకే ఈ జబ్బులు ఎలా పాకుతాయో చెప్పే మోడల్స్‌లో, అంటే లెక్కల నమూనాల్లో, రెండు రకాల కదలికలు పెడతారు: దోమ వేసే చిన్న అడుగులు చాలా, మనిషి వేసే పెద్ద గెంతులు కొన్ని. రోజూ వేలాదిమంది వచ్చిపోయే మన ఊరికి ఆ రెండోది వదిలేసి లెక్క వేస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు.

ప్రశ్న: సార్, పలమనేరు పక్కన మాది రెండెకరాల టమాటా. ఒక ఏడు ఆకుముడత వైరస్ మూడు నాలుగు మొక్కలకు వచ్చి అక్కడికే ఆగిపోయింది. ఇంకో ఏడు అదే నేల, అదే నారు, అదే నెల, తోటంతా పోయింది. ఇది నా తలరాతా, దీనికీ ఏమన్నా లెక్కుందా? (ఒక రైతు)

జవాబు: అన్నా, లెక్కుంది. అదే తోట, అదే వైరస్, రెండు రకాలుగా జరగడం మామూలే.

ఒక జబ్బు మొక్క నుంచి తెల్లదోమ వైరస్‌ను వేరే మొక్కలకు చేరుస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి ఇలా అనుకుందాం: నాలుగింట మూడు వంతుల అవకాశం, ఆ మొక్క ఇంకో రెండింటికి అంటిస్తుంది. నాలుగింట ఒక వంతు అవకాశం, దేనికీ అంటించదు. సగటు ఒకటిన్నర. సగటునే నమ్ముకుంటే 1, 1.5, 2.25 అని పెరుగుతూ పోవాలి, ఆగే ప్రశ్నే లేదు. నిజంగా అలా జరగదు. ఒక మొక్కతో మొదలైన జబ్బు తనంతట తానే ఆగిపోయే అవకాశాన్ని 'ఆ' అందాం. మొదటి మొక్క దేనికీ అంటించకపోతే కథ అక్కడితో సరి, అది 1/4. రెండింటికి అంటిస్తే ఆ రెండు కొమ్మలూ వేటికవి ఆగిపోవాలి, అది 3/4 × ఆ × ఆ. ఈ రెండూ కలిపితే ఆ = 1/4 + 3/4 ఆ². పదో తరగతి వర్గసమీకరణమే, సాధిస్తే 1, 1/3 అని రెండు విలువలొస్తాయి. వాటిలో చిన్నదే మన జవాబు. అంటే సగటు ఒకటిన్నర ఉన్న భయంకరమైన జబ్బు కూడా మూడింట ఒకసారి ఏ మందూ లేకుండానే ఆగిపోతుంది. ఇంగ్లండులో పెద్ద వంశాల ఇంటిపేర్లు ఎందుకు అంతరించిపోతున్నాయో తేల్చడానికి గాల్టన్, వాట్సన్ అనే ఇద్దరు 1874లో వేసిన లెక్క ఇది.

మొదట్లోనే ఐదు మొక్కలకు వచ్చిందనుకో, ఐదూ ఆగిపోవాలంటే 1/3ని ఐదుసార్లు గుణించాలి, 243లో ఒక వంతు. ఇక ఆశ లేనట్టే. ఒక మొక్కకూ ఐదు మొక్కలకూ ఇంత తేడా ఉంది కాబట్టే, మొదటి ముడత ఆకు కనపడిన రోజే మొక్కను పీకి, గోతాంలో వేసి తోట బయటికి తీసుకుపోయి కాల్చేయాలి. ఎల్లుండి చూద్దాంలే అంటే కుదరదు. పీకడం వల్ల సగటు ఒకటి కంటే కిందికి దిగితే, ఆగిపోవడం అవకాశం కాదు, ఖాయం.

ఇంకో మాట. నీ తోటలో జబ్బు ఎలా పాకుతోందో కొలిచి చూడు. ఒకచోట మొదలై చుట్టూ పాకుతుంటే, నడుమ మొక్కలకు అంటించడానికి పక్కన ఆరోగ్యంగా ఉన్నవేవీ మిగలవు, అంచులో ఉన్నవే అంటిస్తాయి. అప్పుడు మచ్చ వారం వారం ఒకే కొలత చొప్పున వెడల్పవుతుంది. 1905లో ప్రేగ్ దగ్గర వదిలిన మస్క్‌రాట్ అనే నీటి ఎలుకలు మధ్య యూరప్ అంతా ఇలాగే పాకాయని 1951లో స్కెలమ్ చూపించాడు, అవి ఆక్రమించిన నేల వైశాల్యానికి వర్గమూలం తీసి ఏళ్ళకు ఎదురుగా గీస్తే గీత నేరుగా వచ్చింది. నీ తోటలో అలా కాకుండా ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి కొత్త మచ్చలు లేస్తున్నాయంటే తెల్లదోమ బయటి నుంచి దిగుతోందని అర్థం. అప్పుడు లోపల ఎంత కొట్టినా డబ్బు దండగ. టమాటా నాటడానికి ముందే చుట్టూ రెండు మూడు సాళ్ళు మొక్కజొన్న ఒత్తుగా వేసుకోవడం, పక్క తోటవాళ్ళతో మాట్లాడుకుని పాత పంట అయిపోగానే దున్నేయించడం, పని చేసేవి ఇవి.

ప్రశ్న: మా ఊరి చెరువు వరసగా మూడేళ్ళు ఎండి నెర్రెలిచ్చింది. వానలు పడి నిండాక నెల తిరక్కుండానే కప్పలు, చేపలు కనిపించాయి. యాడి నుంచి వచ్చినాయి సార్ అని పిల్లలు అడుగుతున్నారు. చుట్టుపక్కల కొన్ని చెరువులు పూడిపోతున్నాయి కూడా. ఎన్ని చెరువులు పోతే కప్పలు పోతాయో లెక్క చెప్పగలరా? (ఒక టీచర్, కార్వేటినగరం)

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలా సంతోషపడ్డాను. మీ పిల్లలు అడిగింది మంచి ప్రశ్న, మీరు దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్ళారు.

కొన్ని ఎక్కడికీ పోలేదు. కొన్ని రకాల కప్పలు బురద ఎండేలోపు లోతుకు దిగి, వాన పడేదాకా కదలకుండా ఉంటాయి. కొరమీను కూడా తడి బురదలో చాలాకాలం బతుకుతుంది, అవసరమైతే తడి నేల మీద పాకి పక్క నీటికి చేరుతుంది. మిగిలినవి పై చెరువు నుంచి వచ్చాయి. మనవి గొలుసుకట్టు చెరువులు కదా, పైది నిండి మరవ పోతే ఆ నీళ్ళు వంకలో పడి కింది చెరువుకు వస్తాయి, వాటితో చేప పిల్లలూ వస్తాయి.

ఇప్పుడు లెక్క. 1969లో రిచర్డ్ లెవిన్స్ ఒక చెరువులో ఎన్ని కప్పలు అని లెక్కపెట్టడం మానేసి, ఎన్ని చెరువుల్లో కప్పలున్నాయి అని లెక్కపెట్టినట్టుగా ఒక మోడల్ చేశాడు. నిజానికి ఆయన చేసింది పంట పురుగులను అదుపు చేయడానికి, జీవులను కాపాడటానికి అది తర్వాత అక్కరకొచ్చింది. ఇందులో రెండు రేట్లుంటాయి: ఏటా ఒక చెరువులో జీవి పూర్తిగా చచ్చిపోయే రేటు, ఉన్న చెరువు నుంచి ఖాళీ చెరువుకు వెళ్ళే రేటు. మొదటిది 0.2, రెండోది 0.5 అనుకుందాం. కొన్నాళ్ళకు కుదురుకునే స్థితిలో, జీవి ఉన్న చెరువుల వంతు 1 నుంచి 0.2/0.5 తీసేస్తే వచ్చేది, అంటే 0.6. వంద చెరువుల్లో ఎప్పుడు చూసినా అరవైలో కప్పలుంటాయి, నలభై ఖాళీ. ఏ అరవై అన్నది ఏటికేడు మారుతుంటుంది.

చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఆ ఖాళీ నలభైలో కప్పలే లేవు కదా, పూడ్చేస్తే నష్టమేముంది అనుకుంటారు. చేసి చూద్దాం. నూటికి నలభై చెరువులు పూడ్చేశాక కప్పలుండే వంతు 0.6 – 0.4, అంటే 0.2కు పడిపోతుంది. మిగిలిన అరవై చెరువుల్లో ఇరవైలోనే కప్పలు. ఇంకో ఇరవై పూడిస్తే సున్నా. నలభై చెరువులు నీళ్ళతో కళకళలాడుతూనే ఉంటాయి, కప్ప ఒక్కటీ ఉండదు! ఎండిపోయిన చెరువు నుంచి పారిపోయిన జీవికి తల దాచుకునే చోటు ఆ ఖాళీ చెరువే, అది పోతే మళ్ళీ పుంజుకునే దారి పోయినట్టు. ఇందులో ఇంకో చేదు నిజం: ఈ పతనం వెంటనే కనపడదు. పూడ్చిన ఏడాది కప్పలు అరుస్తూనే ఉంటాయి, ఏం కాలేదు చూశారా అంటారు, పదేళ్ళ తర్వాత వినపడవు.

0.2, 0.5 అన్నవి నేను ఉదాహరణకు పెట్టిన అంకెలు, మీ ఊరివి కావు. కానీ ఈ రకం లెక్క కాగితాల మీదే ఆగిపోలేదు. ఫిన్లండ్‌కు చెందిన ఓలండ్ దీవుల్లో ఇల్కా హాన్‌స్కి సుమారు 4000 చిన్న చిన్న పచ్చిక చెక్కల్లో ఒక సీతాకోకచిలుకను ఏటా వెతికించాడు. ఏ ఏడు చూసినా అది కొన్ని వందల చెక్కల్లోనే ఉండేది, ఒకచోట పోయి ఇంకోచోట మొలుస్తూ మొత్తం మీద నిలబడింది.

మన చెరువులకు ఇంకో చిక్కుంది. లెవిన్స్ లెక్కలో ఏ చెరువు నుంచి ఏ చెరువుకైనా వెళ్ళొచ్చు. మనవి మాత్రం గొలుసు. మైదానంలో ఒక దారి మూసుకుపోతే చుట్టూ తిరిగి పోవచ్చు, గొలుసులో నడిమి చెరువు ఒకటి పోతే కింది చెరువుకు చేప రావడానికి ఇంకో దారి లేదు. కాబట్టి ఎన్ని పోయాయి అనే దానికంటే ఏది పోయింది అనేది ముందు అడగాలి. మీ పిల్లలతో ఒక పని చేయించండి: వంక వెంబడి ఉన్న చెరువులన్నీ కాగితం మీద గీసి, ఏది మరవ పోతే నీళ్ళు ఎందులోకి పోతాయో బాణం గుర్తులు పెట్టించండి, ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగితే చెప్తారు. తర్వాత ఒక్కో చెరువునూ చేతితో మూసి, కింద ఎన్ని తెగిపోతున్నాయో లెక్కపెట్టించండి. ముందు కాపాడాల్సిన చెరువు ఏదో ఆ కాగితమే చూపిస్తుంది.

ప్రశ్న: 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడి జరిగినప్పటి నుంచి కెమెరాలు పెట్టి చిరుతలను లెక్కిస్తున్నారని వింటున్నాం. ఒకే చిరుత పదిసార్లు కెమెరాలో పడితే పది అని రాసుకోరా? కెమెరాకు దొరకనివాటి సంగతేంటి? (తరచుగా కొండకు నడిచి వెళ్ళే ఒకరు)

జవాబు: పది అని రాసుకోరు. ప్రతి చిరుతకూ మచ్చలు వేరు, ఎడమ పక్క మచ్చలు కుడి పక్కలా ఉండవు కాబట్టి దారికి రెండు వైపులా కెమెరాలు పెట్టి రెండు పక్కలా ఫొటో తీస్తారు. దొరకనివాటి లెక్క ఇలా కడతారు: మొదటి విడతలో 12 చిరుతలు పడ్డాయనుకోండి. రెండో విడతలో 10 పడితే, అందులో 6 పాతవే. అంటే రెండో విడతలో పడినవాటిలో నూటికి అరవై పాతవే, ఆ లెక్కన ఆ 12 కూడా మొత్తంలో నూటికి అరవై అయి ఉండాలి, మొత్తం 20. ఇవి కూడా ఉదాహరణకే. పులుల విషయంలో ఈ పద్ధతిని కెమెరాలతో మన దేశంలో నిలబెట్టింది ఉల్లాస్ కారంత్, 1995లో ఆయన పరిశోధన పత్రం వచ్చింది.

ఇందులో లోపం, అన్ని చిరుతలూ కెమెరాకు సమానంగా దొరుకుతాయనుకోవడం. కెమెరా పక్కనే మకాం ఉన్నది రోజూ పడుతుంది, నాలుగు కొండల అవతల తిరిగేది ఎప్పుడో ఒకసారి పడుతుంది. అందుకని ఇప్పుడు ప్రతి జంతువుకూ ఒక మకాం ఉంటుందని, అక్కడి నుంచి కెమెరా దూరమయ్యేకొద్దీ దొరికే అవకాశం తగ్గుతుందని పెట్టి లెక్కకడతారు. 2004 తర్వాత వచ్చిన పద్ధతి ఇది. ఏ కెమెరా ఎక్కడుందో రాసుకోకుండా ఫొటోలు మాత్రమే దాచుకుంటే ఈ లెక్క కుదరదు.

మచ్చలు ఒక్కోదానికి ఒక్కోలా ఎందుకు అని ఇంకో ఇద్దరు అడిగారు. చర్మంలో ఒక రసాయనం రంగును పెంచుతూ, ఇంకొకటి దానికంటే వేగంగా వ్యాపించి ఆపుతూ ఉంటే, నున్నగా ఉన్న చోట తనంతట తానే మచ్చలు లేస్తాయని 1952లో అలన్ ట్యూరింగ్ లెక్కతో చూపించాడు. మొదట్లో ఉండే అతి చిన్న తేడాలు యాదృచ్ఛికం, అందుకే రెండు చిరుతల మచ్చలు ఒకేలా రావు.

ప్రశ్న: ఎండాకాలం శేషాచలం కొండల్లో మంటలు కొన్నేళ్ళు చిన్నగా ఆరిపోతాయి, 2014లో మాత్రం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఇంత తేడా ఎందుకు? (చంద్రగిరి)

జవాబు: గాలి, ఎండ, కొండవాలు అన్నీ కారణాలే. అయితే లెక్క చూపించే కారణం ఇంకోటుంది. పెద్ద గళ్ళ కాగితం తీసుకుని, గడుల్లో అక్కడక్కడా ఎండుగడ్డి ఉందని గుర్తు పెట్టండి. మంట పక్క గడికే పాకుతుందనుకుంటే, నూటికి యాభై ఐదు గడుల్లో గడ్డి ఉన్నా అది కొంత దూరం పోయి ఆరిపోతుంది. అరవై ఐదు గడుల్లో ఉంటే ఈ చివర నుంచి ఆ చివరకు పోయే దారి దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. మధ్యలో 59.3 శాతం దగ్గర ఒక గడప ఉంది, అది దాటగానే అంతా మారిపోతుంది. గ్యాస్ మాస్కుల్లోని బొగ్గులో గాలి ఎలా దూరుతుందో చూస్తూ బ్రాడ్‌బెంట్, హామర్‌స్లీ 1957లో మొదలుపెట్టిన లెక్క ఇది. గాలి తోలి మంట మూల గడులకు కూడా దూకిందంటే ఆ గడప 41 శాతానికి పడిపోతుంది, కిందటేడు ప్రమాదం లేని అదే గడ్డి ఈ ఏడు కొండను కాల్చేస్తుంది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో మన ఈ కొండల్లో, వాటి చుట్టుపక్కల తూర్పు కనుమల్లోనే, కాబట్టి ఎండలు ముదరకముందే ఫైర్‌లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డి లేని పట్టీలు గీకి గడ్డిని గడప కిందికి తేవడం మీద ఎంత ఖర్చు పెట్టినా తక్కువే.

ప్రశ్న: సార్, నేను చిత్తూరులో ఇంటర్ ఎంపీసీ. నాకు అడవులంటే ఇష్టం, కానీ బైపీసీ తీసుకోలేదని ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. ఈ లెక్కలు నేర్చుకుని ఎకాలజీ చేయొచ్చా? (ఒక విద్యార్థిని)

జవాబు: చేయొచ్చు తల్లీ, టెన్షన్ పెట్టుకోకు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివింది గణితమే, 1982లో ఆయన ఇచ్చిన ఒక కొలత ఈనాటికీ ఎకాలజీలో వాడుతున్నారు. ఒక అడవిలో యాదృచ్ఛికంగా రెండు ప్రాణులను తీస్తే అవి ఒకదానికొకటి సగటున ఎంత భిన్నంగా ఉంటాయో అది చెప్తుంది. మన తిరుపతిలోనే 2015 నుంచి ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా సంస్థ ఉంది, ఎంపీసీ వాళ్ళూ ప్రవేశ పరీక్ష రాసి చేరొచ్చు, గణితం, జీవశాస్త్రం రెండూ చదవొచ్చు. ఈలోగా ఆర్, నెట్‌లోగో అనే రెండు సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, దించుకుని పైన చెప్పిన గడుల మంటను నీ చేత్తో నువ్వే నడిపి చూడు.

కంప్యూటర్ లేకపోతే ఈ లెక్క చెయ్యి. టమాటా అన్న లెక్కలో జబ్బు మొక్క సగం అవకాశంతో మూడింటికి అంటిస్తుంది, సగం అవకాశంతో దేనికీ అంటించదు అని మార్చు. సగటు అదే ఒకటిన్నర. ఆగిపోయే అవకాశం మాత్రం 1/3 రాదు, సుమారు 0.618 వస్తుంది. ఎందుకొచ్చిందో ఒక పేజీలో రాసి పంపు, వచ్చే నెల వేస్తాను.